కార్టూన్ కథలు 65 దగ్గరే ఎందుకు ఆగేవి?

అమెరికాలో ఫాక్స్ కిడ్స్‌లో 1994 నవంబర్‌లో మొదలైన స్పైడర్‌మ్యాన్ కార్టూన్ 1998 జనవరి 31న అయిపోయింది. అయిపోయింది అనేకన్నా ఆగిపోయింది అంటేనే సరిగ్గా ఉంటుంది. చివరి ఎపిసోడ్‌లో పీటర్ పార్కర్ మనం ఉండే లోకంలోకి వచ్చిపడి, తన సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీని కలుస్తాడు. ఆ పెద్దాయన్ని పట్టుకుని సాలెతాళ్ల మీద ఊరంతా తిప్పి ఒక మేడ మీద దింపుతాడు. ఇంతలో మేడమ్ వెబ్ వస్తుంది. నువ్వు ప్రేమించిన, తప్పిపోయిన అసలు మేరీ జేన్‌ను వెతుకుదాం పద అంటుంది. ఇద్దరూ బయల్దేరతారు. అంతే, పేర్లు పడిపోతాయి.

మేరీ జేన్ దొరికిందా లేదా? చూపించలేదు. మూడేళ్లకు పైగా ఆ పిల్ల చుట్టూ కథ నడిపి, తీరా వెతకడానికి బయల్దేరిన నిమిషంలో టీవీ కట్టేసినట్టయింది. ఆ ఎపిసోడ్ నంబరు 65.

ఇదేదో ఒక్క స్పైడర్‌మ్యాన్‌కు పట్టిన గతి అనుకుంటే పొరపాటు. డిస్నీ వాళ్ల టేల్‌స్పిన్ మొత్తం 65 ఎపిసోడ్లు. చిప్ అండ్ డేల్ రెస్క్యూ రేంజర్స్ కూడా 65. డక్‌టేల్స్ మొదటి సీజన్ 65. హీమ్యాన్ మొదటి సీజన్, థండర్‌క్యాట్స్ మొదటి సీజన్, యానిమేనియాక్స్ మొదటి సీజన్ అన్నీ అంతే. ట్రాన్స్‌ఫార్మర్స్ మొదటి సీజన్‌లో 16, రెండో దాంట్లో 49. కూడి చూడండి. జీఐ జో అయిదేసి భాగాల చిన్న సిరీస్‌లు రెండు తీసి, తర్వాత 55 తీసింది. గార్గాయిల్స్ 13 తీసి, తర్వాత 52 తీసింది. వీటిలో ఒకదాని కథకు ఇంకోదానితో సంబంధం లేదు. అన్నీ ఒకే కంపెనీ తీసినవి కావు, రాసినవాళ్లు వేరు. లెక్క మాత్రం తిరిగి తిరిగి ఒకే అంకె దగ్గరికి వస్తుంది. కథ రాసేవాళ్లు తేల్చుకున్న అంకె అయితే ఇంత కచ్చితంగా కలవదు కదా.

ఆ అంకెను తేల్చింది క్యాలెండర్. బడి వదిలాక సాయంత్రం పూట, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున వేస్తే వారానికి అయిదు. ఏడాదికి 52 వారాలు, అందులో పావు వంతు 13 వారాలు. పదమూడయిదులు అరవై అయిదు. 65 ఎపిసోడ్లు చేతిలో ఉంటే మూడు నెలలపాటు ఏ రోజూ పాతది మళ్లీ వెయ్యక్కర్లేదు. ఆ తర్వాత మొదటి నుంచి తిప్పుకుంటూ పోతే ఏడాదికి నాలుగు చుట్లు, మొత్తం 260 సాయంత్రాలూ నిండిపోతాయి. ఒక పిల్లాడు ఒక్కో ఎపిసోడ్‌ను ఏడాదిలో నాలుగుసార్లు చూస్తాడు. పిల్లలకు అది విసుగు కాదని ఇంట్లో చిన్నపిల్లలున్న ఎవరికైనా తెలుసు.

కానీ రోజూ వేసేది ఎవరు, కొనేది ఎవరు అన్నది తెలియకపోతే ఈ లెక్క సగమే అర్థమవుతుంది. అమెరికాలో పెద్ద నెట్‌వర్కులు పిల్లల కార్టూన్లను చాలాకాలం శనివారం పొద్దున్నకే పరిమితం చేశాయి. వారానికొక్కటే కాబట్టి సీజన్‌కు పదమూడో పదహారో ఎపిసోడ్లు తీసి, ఏడాదంతా వాటినే తిప్పేవాళ్లు. 1969లో వచ్చిన స్కూబీ డూ మొదటి సీజన్‌లో ఉన్నవి 17. మామూలు రోజుల సాయంత్రాలు మాత్రం చాలావరకు ఊరూరా ఉండే లోకల్ స్టేషన్ల చేతిలో ఉండేవి. వాళ్లకు సరుకు కావాలి. ఆ సరుకును నెట్‌వర్క్‌తో పని లేకుండా ఒక్కో స్టేషన్‌కూ విడివిడిగా అమ్మడాన్ని సిండికేషన్ అంటారు. మనకు ఇది కొత్తేమీ కాదు. నిర్మాత తన సినిమాను నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఉత్తరాంధ్ర ఒకరికి అమ్ముకున్నట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ బయ్యర్ చాలాసార్లు నగదు ఇచ్చేవాడు కాదు. యాడ్ల సమయంలో కొంత వాటా అమ్మినవాడికి వదిలేసేవాడు. ఆ వాటాను అమ్మినవాడు దేశవ్యాప్తంగా పెద్ద కంపెనీలకు అమ్ముకునేవాడు.

పిల్లలు చూసే సమయంలో యాడ్ ఇవ్వాలని తహతహలాడే పెద్ద కంపెనీలు ఏవి? బొమ్మల కంపెనీలు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1969లో హాట్ వీల్స్ బొమ్మకార్ల పేరుతోనే ఒక కార్టూన్ వచ్చింది. ఇది కార్టూనా, అరగంట యాడా అని పోటీ కంపెనీ ఫిర్యాదు చేసింది. టీవీల మీద పెత్తనం ఉన్న ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దాన్ని ఒప్పుకుంది. దాంతో చాలాకాలం ఎవరూ ఆ దారి తొక్కలేదు. 1981లో రీగన్ అధ్యక్షుడిగా వచ్చాక కమిషన్ ఛైర్మన్ కుర్చీలో మార్క్ ఫౌలర్ కూర్చున్నాడు. టీవీ కూడా ఇంట్లో ఇంకో సామానే, బొమ్మలు కనిపించే టోస్టర్ లాంటిదే అన్న మనిషి ఆయన. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందన్నది ఆయన లైను. 1984లో యాడ్ల సమయం మీద ఉన్న పరిమితులను కమిషన్ ఎత్తేసింది. అప్పటికే, గాలి ఎటు వీస్తోందో చూసి, 1983లోనే హీమ్యాన్ దిగిపోయాడు. మాటెల్ బొమ్మ, ఫిల్మేషన్ కార్టూన్, సిండికేషన్‌లో రోజూ సాయంత్రం. వెనకాలే హాస్బ్రో బొమ్మలతో జీఐ జో, ట్రాన్స్‌ఫార్మర్స్. అల్మరాలో బొమ్మ ఎన్ని నెలలు అమ్ముడుపోవాలో అన్ని నెలలూ టీవీలో కనిపించాలి. అందుకే 13 ఎపిసోడ్లు సరిపోలేదు, 65 కావాల్సి వచ్చింది.

ఇదంతా దుర్మార్గం అని తేల్చేయడం తేలికే. నేను అంత దూరం వెళ్లను. ఆ డబ్బు లేకపోతే ఆ కార్టూన్లే లేవు. కానీ డబ్బు ఎటు నుంచి వచ్చిందో దాని గుర్తు బొమ్మ గీసే చేతి మీద కూడా పడుతుంది. అది చూడాలంటే హీమ్యాన్‌నే దగ్గరగా చూడాలి.

యాడ్లు తీసేస్తే ఒక ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు కావాలి, అంటే ఎపిసోడ్‌కు 15,840. దాన్ని 65తో గుణిస్తే పది లక్షలు దాటుతుంది. అన్నీ చేత్తో గీసి, రంగులు వేసి, ఒక్కోటీ ఫొటో తియ్యాలి. టామ్ అండ్ జెర్రీ లాంటివి థియేటర్లకు తీసిన రోజుల్లో ఏడు నిమిషాల ముక్కకు నెలల తరబడి టైమిచ్చి గీయించారు. టీవీ దగ్గర ఆ టైమూ లేదు, ఆ డబ్బూ లేదు. 1957లో ఎంజీఎం వాళ్ల కార్టూన్ విభాగం మూతపడ్డాక టామ్ అండ్ జెర్రీ తీసిన హానా, బార్బెరా ఇద్దరూ టీవీకి వచ్చి నేర్చుకున్న మొదటి పాఠం అదే. వాళ్ల యోగి బేర్ మెడలో కాలరూ టై ఎందుకున్నాయి అనుకుంటున్నారు? ఎలుగుబంటికి సోకెందుకు? కాలర్ గీత దగ్గర తలను మొండెం నుంచి విడదీస్తే, మాట్లాడేటప్పుడు తల ఒక్కటే కొత్తగా గీస్తే చాలు. ఒంటిది పాత బొమ్మే.

ఫిల్మేషన్ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. చాలా స్టూడియోలు బొమ్మలు గీసే పనిని జపాన్‌కో కొరియాకో పంపేస్తున్న రోజుల్లో వీళ్లు అమెరికాలోనే గీయించారు. ఆ ఖర్చు తట్టుకోవడానికి ఒకసారి బాగా గీసిన కదలికలను దాచిపెట్టుకుని పదే పదే వాడారు. ప్రిన్స్ ఆడమ్ కత్తి ఎత్తి హీమ్యాన్‌గా మారే దృశ్యం ప్రతిసారీ అదే ఫిల్ము. పరిగెత్తడం అదే, దొర్లి లేవడం అదే, కెమెరా వైపు గుద్దు విసరడం అదే. వెనక రంగులద్దిన కొండలు మాత్రం మారేవి. చిన్నప్పుడు నేను దాన్ని పొదుపు అనుకోలేదు. పూజలో మంత్రం లాగా, ఆ ముక్క రాకపోతే ఆ రోజు ఎపిసోడ్ చూసినట్టే ఉండేది కాదు.

ఇక అసలు చిక్కు కథ దగ్గర. 65 ఎపిసోడ్లు ఒకేసారి నాలుగైదు స్టూడియోల్లో తయారవుతుంటాయి. ఏది ముందు చేతికొస్తుందో తెలియదు. పైగా రెండో చుట్టు తిప్పేటప్పుడు లోకల్ స్టేషన్ వాడు వరుస పాటిస్తాడన్న నమ్మకం లేదు. కాబట్టి ఏ ఎపిసోడ్ ఎప్పుడు వేసినా అర్థం కావాలి. సోమవారం చెయ్యి విరిగితే మంగళవారానికి అతుక్కుపోవాలి. చందమామలో భేతాళ కథలు చదివి పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నెలనెలా కొత్త కథ, కొత్త చిక్కుప్రశ్న, రాజు నోరు విప్పగానే భేతాళుడు మళ్లీ చెట్టు మీదికి. ఏ నెల సంచిక చేతికొచ్చినా కథ మొదటి నుంచే. ఒక సంచిక తప్పిపోయినా ఏమీ నష్టం లేదు.

నాకు దాని ఉపయోగం స్వయంగా తెలుసు. తొంభైల్లో దూరదర్శన్‌లో ఆదివారాలు డక్‌టేల్స్, టేల్‌స్పిన్ వచ్చేవి, అదీ హిందీలో. మాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. కరెంటు పోయిందనో, పెళ్లికి వెళ్లామనో కొన్ని వారాలు పోయేవి. టేల్‌స్పిన్‌లో కిట్ అనే పిల్లాడు విమానం తోలే బాలూ దగ్గరికి ఎలా చేరాడో చెప్పే మొదటి నాలుగు భాగాలు నేను పెద్దయ్యాక గానీ చూడలేదు. అయినా ఎప్పుడూ ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు. రోజుకొకటి చొప్పున మూడు నెలల్లో అయిపోవాలని కొలిచి చేసిన సరుకు అది. వారానికొకటి చొప్పున చూస్తే 65 వారాలు, అంటే ఏడాదిన్నరకు ఓ మూడు నెలలు తక్కువ. తయారుచేసినవాళ్లు ఆ లెక్క ఊహించి ఉండరు, కానీ అలా చూసినా చెడలేదు.

అన్నట్టు, పదమూడు గుణకారం మన టీవీకీ పట్టింది. మాల్గుడి డేస్ మొదట తీసినవి 39. రామానంద్ సాగర్ రామాయణం 52 అనుకుని మొదలై, పొడిగించగా పొడిగించగా 78 అయింది. మనం పాటతో సహా గుర్తుపెట్టుకున్న మోగ్లీ, జపాన్‌లో తయారైంది, 52. అన్నీ పదమూడో ఎక్కమే. ఇప్పటి తెలుగు డైలీ సీరియళ్లకే ఆ ఎక్కం వర్తించదు, వాటికి అసలు ఏ ఎక్కమూ వర్తించదు.

కట్టుబాట్లు గట్టిగా ఉన్నప్పుడు రాసేవాళ్లు సందులు వెతుక్కుంటారు. డక్‌టేల్స్ మొదటి కథ అయిదు భాగాలు, గార్గాయిల్స్ మొదటి కథ అయిదు భాగాలు. సోమవారం మొదలై శుక్రవారం ముగిసేలా. అంటే ఒక వారం వరకు వరుస తప్పదని ధీమాగా ఉండొచ్చు, ఆ వారంలోనే పెద్ద కథ చెప్పుకోవచ్చు.

1992 సెప్టెంబర్‌లో ఫాక్స్‌లో మొదలైన బ్యాట్‌మ్యాన్ ఇంకా తెలివిగా పని నడిపింది. మొదట ఒప్పుకున్నది 65 ఎపిసోడ్లే, తర్వాత 20 కలిశాయి. తయారైన వరుస వేరు, వేసిన వరుస వేరు. మొదట తీసింది మనిషి గబ్బిలం కథ, మొదట వేసింది క్యాట్‌వుమన్ కథ. దీని పేరు చెప్పగానే అందరూ ఆ చీకటినే తలుచుకుంటారు. తెల్ల కాగితం మీద నల్ల రంగు పూయడానికి బదులు నల్ల కాగితం మీదే వెలుతురు పడ్డచోట్ల మాత్రం రంగు వేసి గోథమ్ నగరాన్ని గీశారు. నాకు మాత్రం అంతకన్నా నచ్చింది హార్వీ డెంట్ సంగతి. టూ ఫేస్ అనే విలన్‌గా మారబోయేవాడు ముందు ఎపిసోడ్లలో బ్రూస్ వేన్‌కు, అంటే ముసుగు తీసిన బ్యాట్‌మ్యాన్‌కు, మామూలు స్నేహితుడిగా కనిపిస్తాడు. ఒక కథలో ప్రేమలో పడి, ఆ పిల్ల విషమిస్తే ఆసుపత్రి పాలవుతాడు. కథ అక్కడితో పూర్తి, దాన్ని విడిగా చూసినా లోటు లేదు. కొన్నాళ్లకు అతని సగం ముఖం కాలిపోయినప్పుడు మాత్రం, ముందువి చూసినవాడికి గుండె కలుక్కుమంటుంది. చూడనివాడికి అదొక మంచి విలన్ కథ. ఇద్దరికీ భోజనం పెట్టారు, ఒకరికి పెరుగు మీద మీగడ కూడా వేశారు.

గార్గాయిల్స్ రెండో సీజన్‌లో 52 ఎపిసోడ్లు వరుసగా రావాలి. వాళ్లు హీరోలను ఒక పడవ ఎక్కించి అవలాన్ అనే మాయాద్వీపం నుంచి ప్రపంచం మీదికి వదిలారు. ఆ పడవ మీరు వెళ్లాలనుకున్న చోటికి వెళ్లదు, మీ అవసరం ఉన్న చోటికి వెళ్తుంది. కథగా చూస్తే అందమైన ఊహ. నేను మాత్రం అందులో ఒక ప్రొడక్షన్ మేనేజర్ నిట్టూర్పు కూడా వింటాను. ఈ వారం ఏ దేశం ఎపిసోడ్ తయారై వస్తే పడవ ఆ దేశానికి పోతుంది, అడిగేవాడు లేడు.

1990లో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చి గంటకు యాడ్లు మామూలు రోజుల్లో 12 నిమిషాలు, శని ఆదివారాల్లో పదిన్నర నిమిషాలు దాటకూడదంది. ఈలోగా కేబుల్ పెరిగి, నికలోడియన్, కార్టూన్ నెట్‌వర్క్, డిస్నీ ఛానల్ తమ కార్టూన్లు తామే తీసుకుని తామే వేసుకోవడం మొదలుపెట్టాయి. ఊరూరా అమ్ముకునే పని లేదు. అంకె పోవాలి కదా? పోలేదు. నికలోడియన్ రగ్‌రాట్స్‌ను 13, 26, 26 చొప్పున తీసి 65 కాగానే కొత్తవి ఆపేసింది. ఆ పాతవే తిప్పుతుంటే జనం ఎగబడడంతో కొన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టి మొత్తం 170 దాటించింది. డిస్నీ ఛానల్ అయితే దాదాపు ఒక రూలే పెట్టుకుంది. 65 అయ్యాక రోజూ తిప్పుకోవడానికి సరుకు ఉంది, కొత్తది తీస్తే ఖర్చే ఎక్కువ. 2002లో వచ్చిన కిమ్ పాసిబుల్‌ను కూడా అలాగే 2005లో ఒక టీవీ సినిమాతో ముగించేశారు. కిమ్, రాన్ ముద్దు పెట్టుకుంటారు, శుభం కార్డు. అభిమానులు ఒప్పుకోలేదు, ఉత్తరాల మీద ఉత్తరాలు. చివరికి 2007లో నాలుగో సీజన్ వచ్చి లెక్క 87కి చేరింది.

ఆ గీత అక్కర్లేదని తెగించి చూపించింది అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్. 2005 ఫిబ్రవరిలో నికలోడియన్‌లో మొదలై 2008 జులైలో ముగిసింది. 20, 20, 21. మొత్తం 61. మైఖేల్ డాంటె డిమార్టినో, బ్రయన్ కోనిట్జ్‌కో దీన్ని మొదటి నుంచీ మూడు భాగాల ఒకే కథగా అనుకున్నారు. దీని గురించి చెప్పాలంటే చాలా ఉంది. పేరులో అవతారం, ద్వంద్వయుద్ధం పేరులో అగ్ని, కథ నడుమ చక్రాలు నేర్పే గురువు, మనవాళ్లకు ఇల్లంతా తెలిసినట్టే ఉంటుంది. ఇక్కడ మనకు కావాల్సింది ఒక్కటే, జూకో జుట్టు.

మొదటి భాగంలో యువరాజు జూకోకు గుండు మీద ఒక్క పిలక ఉంటుంది. రెండో భాగం మొదట్లోనే దేశద్రోహి ముద్ర పడి, జూకో, అతని పెదనాన్న ఐరో ఏటి ఒడ్డున కూర్చుని కత్తితో తమ పిలకలు కోసుకుని నీళ్లలో వదిలేస్తారు. మాటలుండవు. అక్కడి నుంచి ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ ఆ గుండు మీద వెంట్రుకలు పెరుగుతాయి. మూడో భాగానికి కళ్ల మీద పడేంత జుట్టు. మధ్యలో ఏ ఎపిసోడ్ పెట్టినా అతని తల చూసి కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పొచ్చు. కథానాయకుడు ఆంగ్‌కు రెండో భాగం చివర పిడుగు దెబ్బ తగిలితే మూడో భాగం మొదట్లో గాయంతోనే లేస్తాడు, గుండు మీద జుట్టు మొలిచి ఉంటుంది. హీమ్యాన్ రోజుల్లో ఇది కుదరని పని. అక్కడ జుట్టు పెరిగితే దాచిపెట్టిన ఫిల్మంతా పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడు ఓటీటీల కాలం. సోమవారం లేదు, సాయంత్రం లేదు, వరుస తప్పే భయం లేదు. అయినా 1985 నాటి షీ రా మొదటి సీజన్ 65 అయితే, నెట్‌ఫ్లిక్స్ 2018లో మొదలుపెట్టిన కొత్త షీ రా మొత్తం 52. నాలుగు పదమూళ్లు. మధ్యలో ఒక పదమూడును 7, 6గా కోసి రెండు సీజన్లుగా వేశారు, అంతే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బ్లూయీ మొదటి రెండు సీజన్లలో ఏడేసి నిమిషాల ఎపిసోడ్లు 52 చొప్పున ఉన్నాయి. అందులో ఒక్కో కథ ఒక్కోదే, ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు. ఈసారి కారణం లోకల్ స్టేషన్ కాదు. రిమోట్ నాలుగేళ్ల పిల్ల చేతిలో ఉంది, ఆవిడ గారికి వరుస అంటే లెక్కలేదు. మా ఇంట్లో ఒక ఎపిసోడ్ ఒకే మధ్యాహ్నం ఆరుసార్లు నడిచిన రోజుంది.

ఇక మేరీ జేన్ సంగతి. 2024లో, తొంభైల నాటి ఎక్స్‌మెన్ కార్టూన్‌ను ఆగిన చోటి నుంచి అందుకుని ఎక్స్‌మెన్ 97 పేరుతో కొత్త సిరీస్ వచ్చింది. దాని మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో న్యూయార్క్ వీధిలో జనం ఆకాశంలోకి చూస్తూ నిలబడతారు. ఆ గుంపులో కొన్ని క్షణాలపాటు పీటర్ పార్కర్ కనిపిస్తాడు. పక్కన ఎర్రజుట్టు మేరీ జేన్.